ఆఱి వెలిగెడి జ్యోతి

నార్వే దేశపు ఉత్తరపు కొనయందు, ఆల్టా యను పట్టణమునకు సమీపమున, హాల్డె యను కొండ కలదు. దాని యెత్తు తొమ్మిదివందల మీటర్లకు కొంచెము పైబడి యుండును. 1899వ సంవత్సరమున ఆ శిఖరముపై రాతితో కట్టిన యొక చిన్న పరిశోధనాగృహము లేచినది. చలికాలమున ఆ ప్రాంతమున దాదాపు రెండు నెలలపాటు సూర్యు డుదయింపడు. పెనుగాలి వీచినపుడు ఆ కొండపై మనుష్యుడు నిలువజాలడు. అట్టి చోట కొందఱు యువకులు ఒక చలికాల మంతయు గడపిరి. పగలని చెప్పదగిన పగలు వారికి లేదు. గడియారమును బట్టి దినములు లెక్కించుకొనుచు, అయస్కాంతసూచుల కదలికలను వ్రాసికొనుచు, వారు ఆకాశమువంక చూచుచుండిరి. వారు చూచుచుండినది ధ్రువజ్యోతిని.

ధ్రువజ్యోతి యనగానే సాధారణముగ మనస్సున మెదలు రూప మొకటి కలదు. ఆకాశమున ఈ కొననుండి ఆ కొనవఱకు వ్రేలాడు ఆకుపచ్చని తెఱ. దాని యంచున గులాబివన్నె. గాలికి కదలినట్లు కదలుచు, మడతలు పడుచు, మడతలు విప్పుచు నుండును. చిత్రపటములయందు కనబడునది ఇదియే. దూరదేశములనుండి జనులు చూడవచ్చునదియు దీనినే. కాని ఈ వేడుక రాత్రి యంతయు నుండదు. ఒక్కసారి తెఱ యంతయు భగ్గున మండినట్లు వెలిగి, చెదరిపోవును. చూడవచ్చినవారు చలికి తాళలేక, ఇక నైపోయినదని తలచి, లోనికి పోయి నిద్రింతురు.

ఆ తరువాతనే రెండవ దృశ్యము మొదలగును. అర్ధరాత్రి దాటినది మొదలు తెల్లవాఱువఱకు, మబ్బుతునుకలవంటి మసక వెలుగులు ఆకాశమున అక్కడక్కడ తోచును. ఒక తునుక వెలుగును. కొన్ని సెకనులుండి ఆఱును. మరల అదే చోట, దాదాపు అదే యాకారమున వెలుగును. దాని ప్రక్కనున్నది వేఱొక లయతో వెలుగును. రెండు సెకనులకొకమాఱు కొన్ని, ఇరువది సెకనులకొకమాఱు కొన్ని. తొలకరి రాత్రి చెట్టునిండ మూగిన మిణుగురులను చూచినవారికి ఈ దృశ్యము కొంత యూహకు అందవచ్చును. అయితే ఇక్కడ ఒక్కొక్క మిణుగురు పదుల కిలోమీటర్ల వెడల్పుగలది. ఎక్కువ కాంతి లేకపోవుటచే ఈ తునుకలను చాలమంది గమనింపనే గమనింపరు. మినుకుమనునది ఇది యొక్కటే కాదు. వెనుక చెప్పిన తెఱ భగ్గున వెలుగుటకు ముందు, దాని ప్రకాశవంతమైన భాగములలో సెకనుకు పదిమాఱుల వేగముతో చిన్న చిన్న చుక్కలు తళతళలాడుట యును కలదు. దీపము గాలికి కొట్టుకొనునట్లు కనబడు ఆ తళుకు కంటికి అందీ యందనట్లుండును.

వెలిగించునది ఏది? ఆర్పునది ఏది? గాలి లేనిచోట దీప మెందుకు కొట్టుకొనుచున్నది? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

హాల్డె కొండమీది గృహమును కట్టించినవాడు క్రిస్టియన్ బిర్కెలాండు. ఆయన 1867లో జన్మించెను. చిన్నవయస్సుననే తన దేశపు రాజధానియందలి విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందెను. 1897లో ఇంగ్లండునందు జె. జె. థామ్సను ఎలక్ట్రానును కనుగొనెను. గాలి తీసివేసిన గాజుగొట్టమున విద్యుత్తును ప్రసరింపజేసినపుడు పుట్టు ఋణధ్రువకిరణములు ఈ సూక్ష్మకణముల ప్రవాహమే యని తేలినది. అంతకు ముందునుండియు బిర్కెలాండు ఆ కిరణములతో ప్రయోగములు చేయుచుండెను. అయస్కాంతమును దగ్గఱకు తెచ్చినపుడు ఆ కిరణములు దాని ధ్రువమువైపు పోగగుట ఆయన చూచెను. భూమియు నొక పెద్ద అయస్కాంతమే కదా! సూర్యునినుండి వచ్చు ఎలక్ట్రానులను భూమి తన ధ్రువములవైపు లాగుకొనుచున్నదనియు, అవి పై గాలిని తాకుటయే ధ్రువజ్యోతి యనియు ఆయన నిశ్చయించుకొనెను.

నిశ్చయించుకొనుట వేఱు, ఇతరులను ఒప్పించుట వేఱు. ఆయన ఒక గాజుపెట్టె చేయించి, అందులోని గాలిని తీసివేయించెను. లోపల, భూమికి ప్రతిరూపముగ, అయస్కాంతమును పొదిగిన యొక గోళమును వ్రేలాడదీసెను. దానికి వెలుగునట్టి పూత పూసెను. ఒక ప్రక్కనుండి ఎలక్ట్రానులను దానిమీదికి వదలెను. చీకటిగదిలో ఆ చిన్న భూగోళపు రెండు ధ్రువముల చుట్టును ఉంగరములవలె వెలుగు పుట్టెను. నిజమైన భూమిమీద ధ్రువజ్యోతి ఎక్కువగ కనబడునదియు అట్టి ఉంగరములయందే. చూచినవారు ఆశ్చర్యపడిరి. కాని గాజుపెట్టెలోనిది గాజుపెట్టెలోనిదే యని పెదవి విఱిచినవారును తక్కువవారు కారు.

ఆయన కొండలను కూడ ఎక్కెను. ఆ యెక్కుట విద్యార్థులకు చౌకగ రాలేదు. మొదట చోటు వెదకుటకై వెళ్లిన యాత్రయందు మంచుతుపాను పట్టుకొని, బ్యోర్న్ హెలాండ్-హాన్సెను అను యువకుని వ్రేళ్లు మంచుకాటుకు గుఱియైనవి; కొన్నింటిని తీసివేయవలసివచ్చినది. అతడు వైద్యవిద్యార్థి. వ్రేళ్లు లేని చేతితో శస్త్రచికిత్స చేయుట ఎట్లు? అతడు ఆ చదువు మాని సముద్రశాస్త్రమున ప్రవేశించి, తరువాత ఆ శాస్త్రమున ప్రపంచప్రసిద్ధు డయ్యెను. 1899-1900 చలికాలమున కొండపై నుండినవారిలో నొక యువకుడు మంచుచఱియ విఱిగిపడి మరణించెను. బిర్కెలాండు వెనుదీయలేదు. 1902-03లో నార్వే, ఐస్లాండు, స్పిట్స్‌బెర్గెను, నోవయా జెమ్ల్యా యను నాలుగు చోట్ల స్థావరములు పెట్టి మరల కొలతలు తీయించెను. వీనికి కావలసిన ధనముకొఱకు ఆయన విద్యుత్తుతో గుండ్లు పేల్చు ఫిరంగి నొకదానిని నిర్మించెను. పదుగురి యెదుట దానిని పరీక్షించినపుడు అది పెద్ద మంట లేచి పాడైనది. ఆ మంటయే గాలిలోని నత్రజనినుండి ఎరువు చేయు పద్ధతికి దారితీయుట, ఆ యెరువుల పరిశ్రమవలన ఆయనకు ధనము చేకూరుట, ఆ ధనముతో ఆయన ఇంకను పెద్ద గాజుపెట్టెలు కట్టించుట — ఇదంతయు వేఱొక కథ.

1917లో, టోకియో నగరమునందలి యొక హోటలుగదిలో, బిర్కెలాండు మరణించెను. అప్పటికి ఆయనకు ఏబది యేండ్లును నిండలేదు. ఆయన చెప్పినదానిని పెద్ద శాస్త్రజ్ఞులు పలువురు అంగీకరింపలేదు. తరువాత చాలకాలము ఆయన పేరు మఱుగున పడియుండెను. 1960 దశాబ్దమున కృత్రిమోపగ్రహములు ధ్రువప్రాంతములపై ఎగురుచు కొలతలు తీసినపుడు, ఆయన చెప్పినట్లే, పైనుండి క్రిందికి ప్రవహించు విద్యుత్ప్రవాహములు కనబడినవి. నేడు వానికి ఆయన పేరే పెట్టియున్నారు. అయితే ఆయన చెప్పినదంతయు నిజమని అనరాదు. ఎలక్ట్రానులు సూర్యునినుండి నేరుగ వచ్చి ధ్రువములపై పడుటలేదు. సూర్యునినుండి వీచు కణముల గాలి భూమి అయస్కాంతక్షేత్రమును సాగదీసి, తోకవలె వెనుకకు లాగి, అందు శక్తిని నింపును. ఆ తోక అప్పుడప్పుడు తెగి ముడిపడునపుడు అందలి ఎలక్ట్రానులు వేగము పుంజుకొని భూమివైపు త్రోయబడును. ఇంత విషయము గాజుపెట్టెలో కనబడుట అసాధ్యము.

బిర్కెలాండు ప్రయోగమును చూచి ముగ్ధులైనవారిలో కార్ల్ స్టోర్మరు అను గణితవేత్త యొకడు. విద్యార్థిగ నున్నపుడు ఇతడు చొక్కాలో దాచుకొనిన చిన్న కెమెరాతో వీధిలో పోవువారిని వారికి తెలియకుండ ఫోటోలు తీసెడివాడు. నాటకకర్త ఇబ్సెను కూడ ఇతని కెమెరాకు చిక్కెను. అదే యుత్సాహముతో పెద్దవాడైన పిదప ధ్రువజ్యోతిని పట్టుకొనెను. పదుల కిలోమీటర్ల దూరమున ఇద్దఱు మనుష్యులను కెమెరాలతో నిలిపి, టెలిఫోనులో సైగ చేసి, ఒకే క్షణమున ఒకే వెలుగును ఇద్దఱిచేతను ఫోటో తీయించుట ఇతని పద్ధతి. వెనుకనున్న నక్షత్రముల మధ్య ఆ వెలుగు రెండు ఫోటోలలో రెండు చోట్ల కనబడును. ఆ భేదమునుండి లెక్క కట్టగా, జ్యోతి యొక్క క్రింది యంచు సాధారణముగ నేలకు నూఱు కిలోమీటర్ల యెత్తున నున్నదని తేలెను.

అంత ఎత్తునకు మనుష్యుడు పోజాలడు, రాకెట్టు పోగలదు. కెనడాలోని ఫోర్టు చర్చిల్ నుండి పంపిన రాకెట్టులలో పరికరములుంచి, కార్ల్ మకిల్వేను అను అమెరికను శాస్త్రజ్ఞుడు ధ్రువజ్యోతిలోనికి పడుచున్న కణములను తిన్నగ కొలిచెను. ఆ ఫలితములు 1960లో వెలువడినవి. ప్రకాశవంతమైన జ్యోతిని వెలిగించుచున్నవి ముఖ్యముగ ఎలక్ట్రానులే. వానిలో చాలభాగము దాదాపు ఆఱు వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గలవి. బిర్కెలాండు ఊహించిన కణము పరికరమునకు చిక్కెను. కాని అది మినుకుమనుట ఎందుకో ఇంకను తెలియదు.

ఆ కారణము తెలియవలెనన్న ఎలక్ట్రాను నడకను కొంచెము తెలిసికొనవలెను. భూమి యొక్క అయస్కాంతబలరేఖలు దక్షిణార్ధగోళమున బయలుదేరి, భూమధ్యరేఖకు పైన అంతరిక్షమున వేలకొలది కిలోమీటర్ల దూరము వంగి లేచి, ఉత్తరార్ధగోళమున దిగును. ఎలక్ట్రాను అట్టి రేఖను పట్టుకొని, తీగె కొమ్మను చుట్టుకొనినట్లు, చుట్లు తిరుగుచు పోవును. ధ్రువములను సమీపించిన కొలది రేఖలు ఇఱుకగును. ఆ యిఱుకున ఎలక్ట్రాను ముందుకు పోలేక వెనుదిరుగును. రెండవ ధ్రువముకడకు పోయి అచ్చటనుండియు వెనుదిరుగును. ఇట్లు ఉయ్యెలవలె ఇటునటు ఊగుచుండును. రేఖ వెంబడి దాదాపు తిన్నగ పోవునవి మాత్రమే ఇఱుకును దాటి గాలిలో పడును. కాబట్టి ఎవరును కదపకున్నచో ఉయ్యెల ఊగుచునే యుండును, ఆకాశము చీకటిగనే యుండును. ఉయ్యెల నుండి ఎలక్ట్రానును క్రిందికి నెట్టు చేయి ఏదో ఉండవలెను. ఆ చేయి ఆగి ఆగి నెట్టుచున్నచో వెలుగు ఆఱి ఆఱి వెలుగును.

ఆ చేయి ఎక్కడనున్నది? వెలుగుచున్న చోటనే, నూఱు కిలోమీటర్ల యెత్తుననే, యున్నదని అనుకొనుట సహజము. కాని దూరమును కొలుచుట కొక యుక్తి కలదు. ఒకే యూరినుండి ఒకే గడియకు గుఱ్ఱపుబండియు ఎద్దుబండియు బయలుదేరినవనుకొనుడు. గుఱ్ఱపుబండి ముందు వచ్చును, ఎద్దుబండి ఆలసించును. రెండింటి వేగములును తెలిసియున్నచో, వాని రాకలోని యెడమును బట్టి ఆ యూరెంత దూరమున నున్నదో చెప్పవచ్చును. ఎలక్ట్రానులయందును ఇట్లే. పదివేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఎలక్ట్రాను సెకనుకు దాదాపు 58 వేల కిలోమీటర్లు పోవును; అంతకంటె శక్తి తక్కువైనది మెల్లగ పోవును. మినుకుమను తునుకలపై ఎగిరిన రాకెట్టులును ఉపగ్రహములును ఒక్కొక్క తళుకునందు ముందు వేగవంతములు, వెనుక మందములు వచ్చుటను గుర్తించినవి. లెక్క కట్టిచూడగా అవి బయలుదేరిన చోటు ధ్రువమున కాదు; భూమధ్యరేఖకు పైన, పదులవేల కిలోమీటర్ల దూరమున! ఉత్తరధ్రువపు దీపమును ఆర్పి వెలిగించు మీట భూమధ్యరేఖపై నుండుట వింత గాదా?

అచ్చట ఏమున్నది? అచ్చట ఒక విధమైన విద్యుదయస్కాంతతరంగములు పుట్టుచుండును. ఇవి రేడియోతరంగముల జాతివి. పొడవైన తీగెకు వినికిడి పరికరమును తగిలించి వీనిని ధ్వనిగ మార్చి విన్నచో, తెల్లవాఱుజామున తోటలో పిట్టలన్నియు ఒక్కసారి కిచకిచలాడినట్లుండును. అందుచేతనే శాస్త్రజ్ఞులు వీనికి బృందగాన మను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఇవి ఎక్కువగ వినబడునదియు తెల్లవాఱుజాముననే. అర్ధరాత్రివైపు తోకనుండి వచ్చిపడిన ఎలక్ట్రానులు భూమిని చుట్టుచు తూర్పుగ, తెల్లవాఱువైపు, జరుగుచుండును. అవి పోవుచోటనెల్ల ఈ తరంగములను పుట్టించును. మినుకుమను తునుకలును అర్ధరాత్రినుండి తెల్లవాఱువఱకే కనబడునని వెనుక చెప్పియుంటిమి. తరంగపు ఊపును ఎలక్ట్రాను తిరుగుడును సరిపోయినపుడు, తాళమునకు తాళము కలసి, ఎలక్ట్రాను దారి మాఱును. అది ఉయ్యెలనుండి జాఱి గాలిలో పడును.

ఊహ బాగున్నది, నిదర్శనము కావలెను. 2007లో అమెరికా పంపిన ఐదు థెమిస్ ఉపగ్రహములలో నొకటి అంతరిక్షమున తరంగముల బలమును వ్రాసికొనుచుండగా, అదే బలరేఖ దిగుచోట నేలమీది కెమెరా ఒకటి తునుకల తళుకును తీయుచుండెను. పైన తరంగములు విజృంభించినపుడెల్ల క్రింద తునుక వెలిగెను. నిషిమురా యను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 2010లో ఈ సంగతి ప్రకటించిరి. అప్పటికిని ఒక లోటు మిగిలెను. తరంగము కనబడినది, వెలుగు కనబడినది. నడుమ జాఱిపడుచున్న ఎలక్ట్రాను కనబడలేదు. అది కనబడుట సులభము కాదు. బలరేఖకు కొద్ది డిగ్రీల కోణములో పోవు ఎలక్ట్రానులే క్రిందికి పడును. తక్కినవన్నియు ఊగుచునే యుండును. తిరునాళ్లలో వేలమంది నడుమ ఒక్క సందులోనికి మఱలువారిని మాత్రమే లెక్కించుట యెట్టిదో ఇదియు నట్టిదే.

2016 డిసెంబరు 20వ తేదీన జపాను దేశము ఒక ఉపగ్రహమును పంపి, దానికి అరాసె యని పేరిడినది. ఉరవడిగల నీటి ప్రవాహమని దాని యర్థము. ఆ సన్నని సందును చూడగల పరికరము దానిలో నుండెను. మఱుసటి యేడు మార్చినెలలో ఒకనాడు అరాసె తరంగములను, జాఱిపడు ఎలక్ట్రానులను ఒకేచోట కొలుచుచుండగా, ఆ బలరేఖ దిగిన కెనడా దేశమున కెమెరా ఒకటి తునుకల తళుకును చూపెను. మూడును ఒకే లయతో నడచినవి. సతోషి కసహర మొదలగువారు 2018లో ఈ ఫలితమును లోకమునకు తెలిపిరి. గాజుపెట్టె వెలిగిన నాటినుండి లెక్కించిన నూఱేండ్లు దాటినవి.

సెకనుకు పదిమాఱులు తళతళలాడు రెండవ విధమునకు కారణము వేఱు. దాని మీట అంత దూరమున లేదు. కొన్నివేల కిలోమీటర్ల యెత్తున, ఆ తెఱకు పైననే, బరువైన విద్యుదావేశకణముల తిరుగుడుతో ముడిపడిన తరంగములు క్రిందికి దిగు ఎలక్ట్రానులను కుదుపుచున్నవని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. దీనిని పట్టుకొనుటకు సెకనుకు నూఱుకు పైగా చిత్రములు తీయు కెమెరాలు కావలసివచ్చినవి. కెమెరా వేగమొక్కటియే చాలదు. రంగును ఎన్నుకొనుట కూడ ముఖ్యము. ఆకుపచ్చని కాంతినిచ్చునది ఆమ్లజని పరమాణువు. అది దెబ్బతిన్న వెంటనే వెలుగదు; ముప్పాతిక సెకను ఆలసించి వెలుగును. ఇంతలో ఏడెనిమిది తళుకులు గడచిపోవును. అన్నియు కలసి ఒక్కటే మసక యగును. నత్రజనినుండి వచ్చు నీలికాంతి అట్లు కాదు, తాకిన తక్షణమే వెలుగును. కనుక వేగపు తళుకును వెదకువారు నీలికాంతిని చూతురు. ఇక ఆమ్లజని ఇచ్చు ఎఱ్ఱకాంతికి దాదాపు రెండు నిమిషముల ఆలస్యము. అది మినుకుమనుట యెఱుగదు. 2024 మే 10వ తేదీ రాత్రి లడఖ్‌లోని హాన్లే పరిశోధనాలయముపై మన దేశపు ఆకాశమున కనబడిన యరుదైన వెలుగు ఇట్టి ఎఱ్ఱనిదే. అది నిదానముగ వచ్చి నిదానముగ పోయినది.

ఈ తళుకును తెలిసికొనుట వేడుకకొఱకే కాదు. భూమధ్యరేఖపై పుట్టిన తరంగము బలరేఖ వెంబడి ధ్రువముల వైపు సాగినపుడు, దారిలో ఇంకను ఎన్నో మడుగులు ఎక్కువ శక్తిగల ఎలక్ట్రానులను కూడ కదపునని జపాను శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. అవి నూఱు కిలోమీటర్ల యెత్తున ఆగవు. అఱువది, డెబ్బది కిలోమీటర్ల వఱకు చొచ్చుకొని వచ్చి, అచ్చటి గాలిలో ఓజోనును తగ్గించు వాయువులను పుట్టించును. అంతరిక్షమున తిరుగు ఉపగ్రహముల లోని పరికరములను పాడుచేయునవియు ఇట్టి ఎలక్ట్రానులే. కంటికి కనబడు మసక తునుకయు, కంటికి కనబడని ఈ ఉగ్రకణములును ఒకే తరంగపు పనియేనా? దీనిని పరీక్షించుటకై అమెరికా శాస్త్రజ్ఞులు జపాను పరికరములను కూడ చేర్చుకొని, లాంప్ అను పేర ఒక రాకెట్టును అలాస్కాలోని పోకర్ ఫ్లాట్ కేంద్రమున సిద్ధము చేసిరి.

అట్టి రాకెట్టును ఇష్టమువచ్చిన గడియకు వదలుటకు వీలులేదు. అది జ్యోతిలో నుండునది కొన్ని నిమిషములే. ఆకాశము నిర్మలముగ నుండవలెను. నేలమీద గాలి ఉడిగియుండవలెను. ఈ రెండును కుదిరినను జ్యోతి కుదురవలెను. పచ్చని తెఱలు మహోజ్జ్వలముగ ఆడుచున్నంతసేపు మీట నొక్కరాదు. అవి చెదరి, చూడవచ్చినవారు ఇండ్లకు పోయి, మసక తునుకలు ఆఱుచు వెలుగుచు నుండునపుడే నొక్కవలెను. 2022 మార్చి 5వ తేదీన, తెల్లవాఱకముందు, అట్టి తునుకలలోనికి ఆ రాకెట్టు ఎగసినది.